తెల్ల నమూనా

ఆ బుధవారం మధ్యాహ్నం మేస్త్రీ టైలరు కొట్లోకి వచ్చినప్పుడు చేతిలో కుట్టించుకోవలసిన గుడ్డ ఏమీ లేదు. చొక్కా జేబులోంచి అరచేయంత ముక్క ఒకటి తీసి, కుట్టు మిషను మీద సరిగ్గా సూది కింద పరిచాడు.

"బావా, ఇది ఏం రంగో చెప్పు."

టైలరు మిషను తొక్కడం ఆపాడు. నుదుటి మీదున్న కళ్ళజోడు ముక్కు మీదికి దింపుకున్నాడు. గుడ్డకు తగ్గ దారం వెతకడంలోనే సగం ఆయుష్షు గడిచిన మనిషి కాబట్టి నోటికంటే ముందు చెయ్యి జవాబు చెప్పింది. గోడకు వరసగా గుచ్చిన దారపు ఉండల్లోంచి ఒకటి లాగి, జానెడు దారం తీసి ఆ ముక్క మీద పరిచాడు. దారం అందులో కలిసిపోయి ఉందో లేదో తెలియకుండా పోయింది.

"ఆకాశం రంగు. లేత నీలం. దీనికి నా దాకా రావాలా?"

"ఆకుపచ్చ ఛాయ ఏమన్నా కొడుతోందా?"

"ఎండలో ఎక్కువసేపు నిలబడ్డావేంట్రా?"

మేస్త్రీ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని గొంతు తగ్గించాడు. "కొడుతోందని అక్క అంది. మూడు లాట్లు వెనక్కి కొట్టింది. మూడూ నేను తీసినవే. నన్ను రంగు తొట్టి దగ్గర్నుంచి తీసేసి నెల కావస్తోంది బావా."

ఆ అక్క టైలరు భార్యే. అద్దకం మిల్లులో రంగు చూసే ఉద్యోగం ఆవిడది. తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన ప్రతి లాటులోంచీ ఒక ముక్క ఆవిడ బల్ల మీదికి వస్తుంది. ఆవిడ తల ఊపితే సరుకు బయటికి పోతుంది, తల అడ్డంగా తిప్పితే మళ్ళీ తొట్టిలోకి పోతుంది. ఎదురుగా అందరూ అక్కయ్యా అంటారు, వెనక డేగకన్ను అంటారు. ఆ పేరు విని ఆవిడ ఎప్పుడూ కోప్పడలేదు. లోలోపల ఇష్టమేనని టైలరుకు తెలుసు. మేస్త్రీ రంగు చూడటం నేర్చుకుందే ఆవిడ దగ్గర.

"మరి ఇప్పుడేం చేస్తున్నావు?"

"తడిబట్ట మోసి దండేల మీద ఆరేస్తున్నా." రెండు చేతులూ చాచి చూపించాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గోళ్ళు నీలంగానే ఉండేవి. పెళ్ళిరోజున కూడా అలాగే ఉంటే జనం నవ్వారు. ఇప్పుడు గోళ్ళ మొదళ్ళలో గులాబీ రంగు తేలుతోంది. అది చూస్తే టైలరుకు ఎందుకో మనసు కలుక్కుమంది.

"యజమానికి చెప్పుకోలేకపోయావా?"

"అక్క కన్ను కాదని నా నోరు నమ్ముతాడా? అసలు సంగతి వేరే ఉంది బావా. అక్క ఈమధ్య అసలు రంగు నమూనా పక్కన పెట్టుకుని చూడటం మానేసింది. బీరువా నిండా నమూనాలున్నాయి, తీయదు. అంతా నా బుర్రలో ఉంది అంటుంది. అది చూసి కొత్తగా చేరినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నమూనా తీసి పక్కన పెట్టి చూడమని చెప్పు. నేను చెప్పానని కాదు, ఊరికే మాటల్లో అను. నువ్వంటే వింటుంది."

నేనంటే వింటుందట, అని టైలరు లోపల నవ్వుకున్నాడు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని పెళ్ళైన వారానికే అతనికి బోధపడింది. కాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దాని అడుగున ఇంకేదో కదిలింది. దాన్ని తొక్కిపెట్టి, "చెప్తాలే" అన్నాడు.

"ముక్క నీ దగ్గరే ఉంచు, చూపించడానికి పనికొస్తుంది" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు. టైలరు దాన్ని కొలతలు రాసుకునే పుస్తకంలో పెట్టి మూసేశాడు.

ఆ సాయంత్రం టైలరు ఇంటికి వచ్చేసరికి భార్య టీవీ ముందు నిలబడి ఉంది. కూర్చుని లేదు. లాటు చూసేటప్పుడు ఎలా నిలబడుతుందో అలా, చేతులు వెనక కట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి.

"చూడండి. వార్తలు చదివే అబ్బాయి చొక్కా చూడండి. తెల్ల చొక్కా అది. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు లేదూ?"

టైలరు చూశాడు. చొక్కా మల్లెపువ్వులా ఉంది.

"ఉంది, ఉంది" అన్నాడు.

ఈ "ఉంది" వయసు ఆరు నెలలు. ముప్ఫై రెండు అంగుళాల ఆ టీవీ కొని పదకొండేళ్ళయినా దానికి ఏ జబ్బూ లేదు. జబ్బల్లా టైలరుదే. ఆట చూద్దామని కూర్చుంటే ఆటగాళ్ళు చీమల్లా, బంతి ఆవగింజలా కనిపిస్తాయని అతని బాధ. ఎదురుగా మందుల కొట్టువాడి ఇంట్లో గోడంత టీవీ ఉంది. పెద్దది కొందామని ఎన్నిసార్లు అన్నా, "బాగున్నదాన్ని ఎవరైనా పారేస్తారా?" అని భార్య కొట్టిపారేసేది. అలాంటిది ఒకరోజు ఆవిడే, "ఏమండీ, దీని తెలుపు పసుపెక్కిందా?" అని అడిగింది. లేదని చెప్పడానికే టైలరు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి లడ్డూ పడ్డట్టు అనిపించి, "అవునే, నేనూ చూస్తున్నా, పసుపే" అనేశాడు.

ఒక్క అబద్ధం ఆడితే దానికి రోజూ మేత వెయ్యాలి. దిండు గలీబులు తెల్లగా రావడం లేదని ఆవిడ ఇప్పటికి మూడు సబ్బులు మార్చింది. అవునవునన్నాడు. గదికి మొన్ననేగా సున్నం వేయించాం, అప్పుడే రంగు తిరిగిందేమిటంది. పనివాడు మోసం చేశాడన్నాడు. చివరికి ఈ శనివారం కొత్త టీవీ కొనడానికి ఆవిడ ఒప్పుకుంది.

ఇప్పుడు కొలతల పుస్తకంలోని ఆ నీలం ముక్క గుర్తొస్తే టైలరుకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లో ఆవిడకు కనిపించే పసుపూ, మిల్లులో ఆవిడకు కనిపించే ఆకుపచ్చా ఒకే చోటు నుంచి వస్తున్నాయేమో. గుడ్డలతో బతికినవాడికి ఆ మాత్రం తోచకపోదు. తోచింది కూడా. తోచాక దాని మీద దుప్పటి కప్పి, "శనివారం కానీ. టీవీ ఇంటికొచ్చాక చెప్తా. మూడు రోజుల్లో మేస్త్రీకి కొత్తగా వచ్చే కష్టమేముంది?" అనుకున్నాడు.

శనివారం సాయంత్రం, చీకటి పడకముందే, ఇద్దరూ స్కూటరు మీద బయలుదేరారు. ఎప్పటిలాగే ఆవిడ ఎడమ చెయ్యి అతని భుజం మీద వేసి కూర్చుంది. ఒళ్ళో చేతిసంచీ ఉంది.

షాపు పైఅంతస్తులో ఒక గోడ నిండా టీవీలే. పదకొండు. అన్నింట్లోనూ ఒకే బొమ్మ ఆడుతోంది. రామచిలకలు, కోసిన పండ్లు, నీళ్ళలో దూకే పిల్లలు. మధ్యలో అరవై అయిదు అంగుళాలది. దాని ముందు టైలరు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. చిలక ముక్కు మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. దీంట్లో బంతి ఎంత ఉంటుందో ఊహించుకుంటే చిన్నపిల్లాడిలా ఒళ్ళు పులకరించింది.

"ఇది చాలా బాగా పోతోంది సార్" అంది సేల్సమ్మాయి. బొద్దుగా, చురుగ్గా ఉంది. పొద్దుట్నుంచీ నిలబడే ఉందేమో, ఒక పాదం చెప్పులోంచి తీసి రెండో పాదం మీద ఆనించుకుంటోంది. "రంగులు చూడండి ఆంటీ, కొట్టొచ్చినట్టు లేవూ?"

"కొట్టొచ్చే రంగు మంచి రంగు కాదమ్మా" అంది టైలరు భార్య. "చిలక ఎర్రగా ఉంటే ఎవరికైనా బాగానే ఉంటుంది. తెలుపులో తెలుస్తుంది ఎవడు దొంగో. తెల్ల బొమ్మ ఏదన్నా పెట్టగలవా?"

అమ్మాయి వెతికి, మంచు కొండ బొమ్మ ఒకటి పెట్టింది. గోడంతా మంచు పరుచుకుంది. టైలరు భార్య చేతిసంచీలోంచి నల్ల కాగితపు కవరు తీసింది. అందులోంచి నాలుగు మడతల తెల్లగుడ్డ బయటికి తీసింది. అది మిల్లులోని తెల్ల నమూనా. వెలుగు తగిలి పాడవకుండా ఎప్పుడూ నల్ల కవరులోనే ఉంటుంది. యజమానిని అడిగి తెచ్చుకుంది.

"దీన్ని టీవీ పక్కన పెడతారా ఆంటీ?"

"పక్కన పెట్టి కొలవడానికి కాదు. తెరది సొంత వెలుగు, గుడ్డది అరువు వెలుగు, రెండూ అచ్చంగా కలవవు. ముందు కంటిని అసలు తెలుపు మీద కాసేపు కూర్చోబెట్టాలి. అప్పుడు గాని కన్ను నిజం చెప్పదు."

సేల్సమ్మాయి చెప్పు సర్దుకుని నిటారుగా నిలబడింది. ఇంతమందికి టీవీలు అమ్మింది గాని ఇలా చూసేవాళ్ళను ఆ అమ్మాయి చూడలేదని మొహమే చెబుతోంది. టైలరుకు ఛాతీ ఉబ్బింది. ఆ ఉబ్బడంలోనే, నమూనా బయటికి వచ్చిందన్న సంగతి తట్టి చప్పున చల్లబడ్డాడు.

ఆవిడ గుడ్డను మూడు ఊపిర్ల సేపు చూసింది. తల పక్కకు తిప్పింది. మళ్ళీ చూసింది. తర్వాత మొదటి టీవీ. "పసుపు" అంది. రెండోది. "పసుపు." మూడోది, నాలుగోది. అయిదో దాని దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఆ నాలుగింటినీ మళ్ళీ చూసింది. పదకొండూ అయ్యేదాకా నడిచి, గోడ చివర ఆగింది.

"అమ్మాయీ, ఇవన్నీ ఒకే కంపెనీవా?"

"కాదు ఆంటీ, అయిదు కంపెనీలవి."

ఆవిడ చేతిలోని గుడ్డకేసి చూసుకుంది. కిటికీ దగ్గరికి నడిచింది. బయట ఇంకా వెలుతురుంది. గుడ్డను కిటికీలో పెట్టి, కుడికన్ను మీద అరచెయ్యి కప్పుకుంది. తీసి, ఎడమకన్ను మీద కప్పుకుంది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. టైలరు తేలు కుట్టిన దొంగలా మూడడుగుల దూరంలో నిలబడ్డాడు.

"అమ్మాయీ, ఈ గుడ్డ ఏం రంగు?"

"తెలుపు ఆంటీ. మంచి తెలుపు."

"ఆ టీవీల్లో మంచు?"

"అదీ తెలుపే కదా ఆంటీ." అమ్మాయి గొంతులో భయం పలికింది, తను తప్పేమన్నా అన్నదేమోనని.

ఆవిడ టైలరు వైపు తిరిగింది. "మన ఇంట్లో టీవీ తెలుపు పసుపెక్కిందా?"

ఆరు నెలలుగా నోట్లో నలిగి నున్నగా అయిన "అవును" నాలుక చివరే ఉంది. దాన్ని అనడం ఎంత సులువో టైలరుకు తెలుసు. ఆవిడ కళ్ళలోకి చూసి అనలేకపోయాడు.

"లేదు" అన్నాడు.

"ఎప్పట్నుంచి లేదు?"

"ఎప్పుడూ లేదు. పెద్ద టీవీ కోసం అవునన్నా."

"గలీబులు?"

"తెల్లగానే ఉన్నాయి."

ఆవిడ గుడ్డను పాత మడతల మీదే మడిచింది. ఒక మడత, రెండో మడత. "మేస్త్రీ లాట్లు?"

దీనికి జవాబు టైలరుకు అన్నిటికంటే బరువైంది. "ముక్క తెచ్చి చూపించాడు. బుధవారం. నీలమే. ఆకాశం రంగు."

ఆవిడ గుడ్డను నల్ల కవరులో పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. "ఇవాళ కొనడం లేదమ్మా, నీకు శ్రమిచ్చాం. కాస్త కూర్చో, కాళ్ళు నొప్పులు పుడుతున్నట్టున్నాయి" అని సేల్సమ్మాయితో చెప్పి, ముందుగా మెట్లు దిగింది. స్కూటరు మీద చెయ్యి అతని భుజం మీద వెయ్యలేదు. వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఇంటి దాకా ఆ ఖాళీ భుజం టైలరుకు బరువుగానే ఉంది.

సోమవారం పొద్దున్నే కళ్ళ డాక్టరు చూసింది. కుడికంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, ఎడమదాంట్లో మొదలవుతోందనీ, ఆపరేషనుతో పోతుందనీ చెప్పింది. వచ్చే గురువారానికి రోజు పెట్టించుకుని బయటికి రాగానే, "ఇంటికా?" అన్నాడు టైలరు.

"మిల్లుకు."

"ఇవాళ సెలవన్నావుగా?"

"మోసే వాడికి సెలవిచ్చానా?"

యజమాని గదిలో ఆవిడ కూర్చోలేదు. కంటి సంగతీ, లాట్ల సంగతీ నాలుగు మాటల్లో చెప్పింది. యజమాని మంచివాడే, కాని వ్యాపారం ఉన్నవాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కయ్యా, నెమ్మది. ఇది మన మధ్యే ఉండనీ. మీ కన్ను మీద నమ్మకంతో సరుకు తీసుకునేవాళ్ళున్నారు. మేస్త్రీని రేపట్నుంచి తొట్టి దగ్గర పెట్టేద్దాం. ఎందుకు పెట్టామో ఎవరికీ చెప్పక్కర్లేదు. మీ ఆపరేషనూ అయిపోతుంది. మీ పేరూ నిలబడుతుంది."

తలుపు దగ్గర నిలబడ్డ టైలరుకు ఈ మాట అమృతంలా వినిపించింది. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఇంతకంటే ఏం కావాలి? ఒప్పుకోవే తల్లీ, అనుకున్నాడు.

"కారణం చెప్పకుండా పెడితే, తప్పు చేసినవాణ్ణి క్షమించి మళ్ళీ పెట్టినట్టుంటుంది" అంది ఆవిడ. "నలుగురిలో అన్నాను, నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి."

"తర్వాత మీ మాటకు విలువేముంటుందో ఆలోచించారా?"

"ఆలోచించాను. ఎంత ఉంటే అంతే."

భోజనాల గంట కొట్టాక దండేల దొడ్లో అందరూ చేరారు. తడిబట్టల మధ్య సందుల్లో నిలబడ్డ మనుషులు యాభై మంది దాకా ఉంటారు. ఆవిడ బల్ల వేయించింది. వెనక్కి కొట్టిన మూడు లాట్ల ముక్కలూ దాని మీద పరిచింది. బీరువాలోంచి నీలం నమూనా తెప్పించి పక్కన పెట్టింది. మేస్త్రీ ఎదురుగానే ఉన్నాడు, భుజం మీద తడిబట్ట మూట దింపకుండా. ఎందుకు పిలిచారో అతనికి తెలియదు. ఇంకో మాట పడాలేమోనన్నట్టు తల వంచుకుని ఉన్నాడు.

ఆవిడ కుడికన్ను మీద చెయ్యి పెట్టుకుని మూడు ఊపిర్ల సేపు చూసింది. తర్వాత పక్కకు జరిగి, "ఒక్కొక్కరే వచ్చి చూడండి" అంది. చూశారు. మూడు ముక్కలూ, నమూనా, నాలుగూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. అందరికీ అర్థమైపోయింది.

"ఈ మూడు లాట్లూ బాగున్నాయి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మేస్త్రీ తప్పేమీ లేదు. నా కంట్లో శుక్లం వచ్చింది. శుక్లం రావడం నా తప్పు కాదు, ఎవరికైనా వస్తుంది. నమూనా పక్కన పెట్టకుండా చూడటం నా తప్పు. పక్కన పెట్టి ఉంటే మొదటి లాటు రోజునే తెలిసిపోయేది. మీరందరూ ఆహా అంటుంటే నాకు బాగుండేది, అందుకని మానేశాను. ఈ నెల రోజులూ ఇతను మోసిన మూటలు నావి."

"అక్కా, ఇంక చాలు" అన్నాడు మేస్త్రీ. అప్పటికి మూట కిందికి దించేశాడు.

"చాలదు. నా కన్ను బాగుపడి, డాక్టరు సరేననేదాకా లాట్లు నువ్వు చూడు. నమూనా పక్కన పెట్టి చూడు. ఎవరు మెచ్చుకున్నా మానకు." నీలం నమూనా తీసి అతని చేతిలో పెట్టింది.

టైలరు దండేనికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ ఇప్పుడు నా పేరు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని చూశాడు. రాలేదు. ఇంట్లో ఒకడు ఆరు నెలలు అబద్ధం ఆడాడనీ, వాడు నిజం చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదనీ ఆవిడ ఒక్క మాట అని ఉంటే సగం భారం అటు పోయేది. అనలేదు. ఎవరి వాటా వాళ్ళకే వదిలేసింది. తన భార్య గొప్పదని టైలరు చాలామందికి చెప్పుకున్నాడు. ఎంత గొప్పదో అతనికి ఆ క్షణం దాకా తెలియదు.

తెలిశాక నోరు మూసుకుని నిలబడటం అతని వల్ల కాలేదు.

"ఒక్క మాట" అన్నాడు. యాభై తలలూ ఇటు తిరిగాయి. "ఆ ముక్క నీలమని నాకూ తెలుసు. మేస్త్రీ తెచ్చి చూపించాడు. ఆవిడకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. ఇంట్లో తెలుపు పసుపుగా ఉందని ఆవిడ ఆరు నెలలుగా అంటుంటే అవునని కూర్చున్నా."

"ఎందుకు బావా?" అన్నాడు మేస్త్రీ. అతని మొహంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"పెద్ద టీవీ కోసం."

ఎక్కడో వెనక తడిబట్ట చాటున ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు దండేల కిందుగా పాకి దొడ్డంతా అంటుకుంది. మేస్త్రీ కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. టైలరు చెవులు ఎర్రబడ్డాయి. భార్య మాత్రం నవ్వలేదు. అతనికేసి కాసేపు చూసింది, లాటు చూసినట్టు. ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద ఆవిడ చెయ్యి మళ్ళీ భుజం మీదికి వచ్చింది.

మర్నాడు సాయంత్రం షాపులో సేల్సమ్మాయి వాళ్ళను దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొచ్చింది. ఈసారి ముగ్గురు వచ్చారు.

"ఇవాళ కన్ను ఇతనిది" అంది టైలరు భార్య, మేస్త్రీని ముందుకు నెట్టి.

టీవీ వద్దేవద్దని టైలరు రాత్రంతా అన్నాడు. పాతదానికేం వచ్చిందన్నాడు. ఆవిడ వినలేదు. పాతది మిల్లులో భోజనాల షెడ్డుకు ఇస్తానని అప్పటికే మాటిచ్చేసింది.

మేస్త్రీ నల్ల కవరు తీశాడు. ఆవిడ నేర్పినట్టే తెలుపు మీద కన్ను కూర్చోబెట్టి, పదకొండు టీవీల ముందూ నడిచాడు. టైలరు మనసు పడ్డ మధ్య టీవీ దగ్గర పెదవి విరిచాడు. "దీంట్లో నీలిమందు ఎక్కువైంది అక్కా. ఉతికిన బట్టకు ఎక్కువ పెట్టేస్తే చూడు, దూరానికి మెరుస్తుంది, దగ్గరికొస్తే కళ్ళు గుచ్చుకుంటాయి."

"షాపులో వెలుతురెక్కువని అన్నీ అలా పెంచి పెడతాం అంకుల్, తగ్గిస్తా" అని సేల్సమ్మాయి ఒక్కోదాన్నీ ఇంట్లో పెట్టే వెలుగుకు దింపింది. అప్పుడు మేస్త్రీ మళ్ళీ మొదటి నుంచీ నడిచాడు. చివర్లో, స్తంభం పక్కన ఎవరూ ఆగని చోట ఉన్న ఒకదాని ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు. "ఇదీ తెలుపు" అన్నాడు.

"ఖాయమేనా?"

"నువ్వు నేర్పిన చూపే అక్కా."

"ఇది రెండు సైజుల్లో వస్తుంది" అంది సేల్సమ్మాయి. "నలభై మూడు, అరవై అయిదు. ఏది రాయమంటారు?"

"చిన్నదే, చిన్నదే చాలు" అన్నాడు టైలరు గబగబా.

"పెద్దదే రాయమ్మా" అంది భార్య. "అంత పెద్ద అబద్ధం ఆడి చిన్న టీవీ తెచ్చుకుంటే ఆ అబద్ధం కూడా దండగే."

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక మంచు కొండల వైపు తిరిగి నిలబడ్డాడు.

టీవీని బుధవారం తెచ్చి గోడకు బిగించి వెళ్ళారు. గది సగం అదే అయింది. సాయంత్రం ఆట ఉంది. మందుల కొట్టువాడు కిటికీలోంచి తొంగి చూసి, నోరు తెరిచి, మూసి వెళ్ళిపోయాడు. ఆరు నెలలుగా టైలరు ఏ ఘడియ కోసం కలగన్నాడో అదే ఘడియ అది. కాని అతనికి ఆ తెర ఎదురుగా కూర్చోవడం కొంచెం ఇబ్బందిగానే ఉంది, పంతులుగారి ముందు కూర్చున్నట్టు.

ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. మనిషికి మనిషంత ఉన్నారు. భార్య వచ్చి పక్కన కూర్చుని, కుడికన్ను మీద అరచెయ్యి పెట్టుకుంది.

"వాళ్ళ బట్టలు ఏం రంగు?"

"తెలుపు."

"నమూనా పక్కన పెట్టి చూశారా?"

లేదు. టైలరు లేచాడు. మేస్త్రీ రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలని మరీ మరీ చెప్పి వదిలి వెళ్ళిన నల్ల కవరు అలమార్లో ఉంది. గుడ్డ తీసి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, మూడు ఊపిర్ల సేపు దాన్నే చూశాడు. తల గోడ వైపు తిప్పాడు. మళ్ళీ చూశాడు. తర్వాత తెర దగ్గరికి వచ్చి, గుడ్డను అంచున పట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్ళ ముందే ఆట మొదలైపోయింది, జనం కేకలు వేస్తున్నారు, బంతి ఎటు పోయిందో అతను చూసుకోలేదు.

"తెలుపే" అన్నాడు.

ఆవిడ కంటి మీంచి చెయ్యి తీసి, తల ఊపింది.